ఒకటో తరగతిలో శరీర పాఠం: అబ్బాయిలకూ అమ్మాయిలకూ కలిపి చెప్పాలా, విడిగానా?

పలకా బలపం:
ఒకటో తరగతి పిల్లలకు శరీరం గురించి మూడు పాఠాలు పెట్టాలని మా మండలంలో కొందరు టీచర్లం అనుకున్నాం. వారానికొకటి, ఒక్కోటి ఇరవై నిమిషాలు. కలిపే చెప్పాలన్నది నా వాదన. విడగొట్టి కూర్చోబెట్టామంటే "ఇది ఒకరి ముందు ఒకరు మాట్లాడకూడనిది" అని పిల్లలకు ముందే చెప్పేసినట్టు. పైగా విడిగా పెట్టిన చోటల్లా జరిగేది ఒకటే. అమ్మాయిలకు పాఠం చెబుతారు, అబ్బాయిలను ఆటకు వదిలేస్తారు.

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో విడుదల చేసిన అధ్యయనంలో 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగారు. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందని 53.22 శాతం చెప్పారు. వాళ్ళలో సగానికి పైగా అబ్బాయిలే. మరి అబ్బాయిలను బయటికి పంపి ఎవరిని కాపాడదామని?

మొదటి వారం బోర్డు మీద ఇద్దరు పిల్లల బొమ్మలు, అంచు గీతలతో. పిల్లలే వచ్చి వేలు పెట్టి పేర్లు చెప్పాలి: నుదురు, ముక్కు, మోచెయ్యి, బొడ్డు, మోకాలు. పది పన్నెండు అయ్యేసరికి "ఇద్దరికీ అన్నీ ఒకటే టీచర్" అని వాళ్ళే అంటారు. తేడా చెప్పాల్సింది అప్పుడు. అబ్బాయికి మూత్రం పురుషాంగం నుంచి వస్తుంది, దాని కింద తిత్తిలో రెండు వృషణాలుంటాయి. అమ్మాయికి మూత్రం వచ్చే దారి, దాని వెనక యోని ఉంటాయి. మలద్వారం ఇద్దరికీ ఒకటే. అంతకు మించి అక్కర్లేదు. మోచెయ్యి అన్నప్పుడు గొంతు ఎలా ఉందో ఇక్కడా అలాగే ఉండాలి. టీచర్ గొంతు తగ్గించారా, క్లాసంతా నవ్వుతుంది. రెండో వారం చెడ్డీ నియమం, అంటే చెడ్డీ కప్పే చోటును ఎవరు ఎప్పుడు ముట్టుకోవచ్చు, ఎప్పుడు కూడదు. మూడో వారం, ఎవరైనా నియమం తప్పితే ఎవరికి చెప్పాలి.

గోదారి గట్టు:
ఆ బొమ్మలకు చెడ్డీ ఉంటుందా, ఉండదా? అది తప్ప అన్నీ రాశారు.

పలకా బలపం:
ఉంటుందండీ. రంగు కాగితం కత్తిరించి అతికిస్తాం.

గోదారి గట్టు:
అతికిస్తే లాగుతారు. ఐదారేళ్ల పిల్లలకు అతికించినది ఏది కనబడినా పీకాలనిపిస్తుంది. ముందు బోర్డు మీద లాగుతారు, అందరూ నవ్వుతారు. మధ్యాహ్న భోజనం గంటకల్లా గ్రౌండులో ఒకరి నిక్కరు ఒకరు లాగడం మొదలవుతుంది. ఆ సాయంత్రం తల్లిదండ్రులు గేటు దగ్గరుంటారు. అమ్మాయిలకు మేడమ్, అబ్బాయిలకు సార్, వేరు వేరు గదుల్లో చెప్పండి. ఈ గొడవే ఉండదు.

పలకా బలపం:
అయితే కాగితం వద్దు, సుద్దముక్కతోనే గీసేస్తాం. ఆ బాధ తీరింది కదా. వేరు గది అంటున్నారు, ఏకోపాధ్యాయ బడిలో రెండో గదీ లేదు, రెండో టీచరూ లేరు. అలాంటి బళ్ళు ఎన్ని ఉన్నాయో మీకు తెలియనిది కాదు.

గోదారి గట్టు:
గీసినా చెరుపుతారు. చార్టు మీద అచ్చు వేయించండి.

పిల్లల డాక్టర్, కర్నూలు:
చెడ్డీ సంగతి ఒక్క నిమిషం పక్కన పెడదాం. ఈ వయసు పిల్లల బుర్రలో ఏముంటుందో చూడండి. నేను అబ్బాయిని, నేను అమ్మాయిని అని మూడేళ్లకే చెబుతారు. అది మారనిదని గట్టిగా తెలిసేది మాత్రం ఐదు నుంచి ఏడేళ్ల మధ్య. మొక్కు తీర్చి తిరుమల నుంచి గుండుతో వచ్చిన పాపను తోటి పిల్లలు "నువ్వు అబ్బాయివైపోయావా?" అని అడిగేది అందుకే. జుట్టును, గౌనును, గాజులను బట్టి తేల్చుకునే వయసది. కాబట్టి పాఠంలో ఈ మాట తప్పక ఉండాలి: జుట్టు పెరుగుతుంది, బట్టలు మారతాయి, వాటితో ఒళ్ళు మారదు.

ఇక తేడా తెలియడం ఎందుకంటే, ఒళ్ళు కడుక్కునే పద్ధతి వేరు కాబట్టి. అమ్మాయిలకు మూత్రనాళం పొట్టిది, మలద్వారం దగ్గరే ఉంటుంది. వెనక నుంచి ముందుకు కడిగితే పేగుల్లోని బ్యాక్టీరియా మూత్రనాళంలోకి చేరుతుంది. ముందు నుంచి వెనక్కి కడగాలి, వట్టి నీళ్ళు చాలు. నురగ సబ్బు పెట్టి రుద్దితే లోపలి పలుచని చర్మం మండుతుంది, పాప మూత్రం ఆపుకుంటుంది, అక్కడి నుంచి ఇన్‌ఫెక్షన్. అబ్బాయిల్లో పురుషాంగం కొన మీది చర్మం చిన్నప్పుడు అతుక్కునే ఉంటుంది. అది జబ్బు కాదు. శుభ్రం పేరుతో బలవంతంగా వెనక్కి లాగితే చిరుగుతుంది, మానేటప్పుడు బిగిసిపోతుంది. ఒక్కోసారి వెనక్కి వెళ్ళిన చర్మం ముందుకు రాక వాచిపోతుంది, అప్పుడు వెంటనే ఆస్పత్రికి తేవాలి.

పేర్లు తెలియకపోతే ఏమవుతుందో కూడా రాస్తాను. పెద్ద పిల్లాడికి వృషణం మెలిపడితే సుమారు ఆరు గంటల్లోపు ఆపరేషన్ జరగాలి, ఆలస్యమయ్యేకొద్దీ అది దక్కదు. సిగ్గుపడి "కడుపు నొప్పి" అంటాడు, ఇంట్లో వాము నీళ్ళు ఇస్తారు, ఆరు గంటలూ అయిపోతాయి. ఆ సిగ్గు పన్నెండో ఏట పుట్టింది కాదు, ఒకటో తరగతిలో మనం నేర్పిందే.

చెరువు వీధి, కరీంనగర్:
డాక్టర్ సాబ్, చిన్నపిల్లలు రాత్రిళ్ళు ఆడనే గోక్కుంటరు. ఇంట్ల పెద్దలు చెయ్యి మీద కొడ్తరు. దానికేం జెయ్యాలె?

పిల్లల డాక్టర్, కర్నూలు:
కొట్టకండి. రాత్రి పూట దురద అంటే చాలాసార్లు నులిపురుగులే. మలద్వారం దగ్గర గుడ్లు పెడతాయి, అమ్మాయిల్లో ముందుకూ పాకుతాయి. రెండేళ్లు దాటిన పిల్లలకు ఆల్బెండజోల్ 400 మి.గ్రా. ఒక మోతాదు, రెండు వారాల తర్వాత మరొకటి. ఇంట్లో మిగతావాళ్ళకూ డాక్టర్ని అడిగి ఒకేసారి వేయాలి. గోళ్ళు కత్తిరించాలి, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి. ఎండలో ఆడుకునే పగటి పూట కూడా దురద, మంట, స్రావం ఉంటే మాత్రం చూపించండి.

బడిగంట:
డాక్టర్ గారు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. కానీ శుభ్రం సంగతి ఇంట్లో తల్లి చెప్పాల్సింది. బడికెందుకు?

వకీలు, నెల్లూరు:
పేర్ల విషయంలో ఒక అపోహ తిరుగుతోంది, సరైన పేరు తెలియకపోతే కోర్టులో కేసు నిలవదని. చట్టం అలా అనదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం, 2012, సెక్షన్ 26 ప్రకారం బిడ్డ ఎలా చెబితే అలాగే రాసుకోవాలి, తల్లిదండ్రులో బిడ్డ నమ్మే మనిషో పక్కనుండాలి. బిడ్డ ఇంటి మాటే వాడినా ఆ మాటే రాయాలి. పెద్దలు దిద్ది రాయిస్తేనే చిక్కు. పేర్లు నేర్పండి, కాదనను. కోర్టు కోసమని మాత్రం తల్లులను భయపెట్టకండి.

పలకా బలపం:
కోర్టు దాకా ఎందుకండీ. "అంకుల్ నా పువ్వు ముట్టుకున్నాడు" అని పాప చెబితే, తలలో పువ్వేమో అనుకుని టీచర్ దాటిపోతే ఆ మాట ఎవరి దాకా వెళ్తుంది?

గోదారి గట్టు:
మళ్ళీ అడుగుతున్నాను, చార్టు అచ్చు వేయిస్తున్నారా లేదా? చెడ్డీతోనా?

పలకా బలపం:
చెడ్డీ, చెడ్డీ అని ఎన్నిసార్లండీ. నాకిప్పుడు అర్థమైంది. అబ్బాయిల ముందు అమ్మాయిల శరీరం పేరెత్తడమే మీకు ఇష్టం లేదు. బొమ్మ ఒక సాకు. 2007లో కౌమార విద్య, అంటే ఎదిగే వయసు పిల్లలకు శరీరం గురించి చెప్పే పాఠాల, పుస్తకాల మీద గొడవ చేసి మహారాష్ట్ర, గుజరాత్, కర్ణాటక, మధ్యప్రదేశ్ బళ్ళలో ఆపించినవాళ్ళు కూడా ఇలా బొమ్మల దగ్గరే మొదలుపెట్టారు.

గోదారి గట్టు:
ఆ మాట వెనక్కి తీసుకోండి. మీరు రాసిన మూడో వారం గురించి ఇక్కడ ఒక్కరూ మాట్లాడలేదు, నేనే సూటిగా అడుగుతాను. ముప్పై మంది కూర్చున్న క్లాసులో "ఎవరైనా నియమం తప్పితే టీచర్‌కి చెప్పాలి" అంటారు. ఒక పాప చెయ్యెత్తి "వ్యాన్ అంకుల్" అంటుంది. అప్పుడు మీరేం చేస్తారు? ముప్పై మంది వింటారు, సాయంత్రానికి ముప్పై ఇళ్ళకు చేరుతుంది, ఆ పాప పేరుతో సహా. హెడ్మాస్టర్ "బడి పరువు" అంటారు. పెద్దమనుషులు రాజీ అంటారు. మర్నాడు పాప బడికి రాదు, వ్యాన్ మాత్రం వస్తుంది. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో బడిలో నాలుగేళ్ల పాప మీద లైంగిక దాడి కేసు బయటపడింది. చేసినవాడు ప్రిన్సిపాల్ కారు డ్రైవర్, 2023లో అతనికి 20 ఏళ్ల శిక్ష పడింది. బయట రోడ్డు మీద మనిషి కాదు, బడి లోపలి మనిషి. నేను విడిగా అన్నది ఆడా మగా అని కాదు. ఆ మాట బయటికొచ్చే గదిలో తక్కువ మంది ఉండాలి, విన్న పెద్దవాళ్ళకు తర్వాత ఏం చేయాలో తెలిసుండాలి. అది లేని చోట ఈ పాఠం మొదలుపెట్టకండి.

బడిగంట:
ఇది మొదటే చెప్పుంటే ఇంత గొడవ అయ్యేది కాదు.

వకీలు, నెల్లూరు:
ఇది అసలు ప్రశ్న. బిడ్డ నోట విన్న క్షణం నుంచి అది టీచర్ బాధ్యత. సెక్షన్ 19 ప్రకారం తెలిసినవాళ్ళు ఎవరైనా స్థానిక పోలీసులకో, జిల్లాలోని ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలి. హెడ్మాస్టర్‌కి చెప్పాను కదా అంటే చెల్లదు. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. తన కింద పనిచేసేవాడి విషయం దాచిన సంస్థ అధిపతికి ఏడాది వరకు జైలు, జరిమానా. మంచి ఉద్దేశంతో చెప్పిన టీచర్ మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ ఉండదని అదే సెక్షన్ 19లో ఉంది. రాజీ కుదిర్చే హక్కు ఏ పెద్దమనిషికీ లేదు.

బిడ్డను స్టేషన్‌కి తీసుకెళ్ళక్కర్లేదు. సెక్షన్ 24 ప్రకారం వాంగ్మూలం ఇంటి దగ్గరో, బిడ్డ కోరుకున్న చోటో, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. అమ్మాయి అయితే వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. అందాకా స్నానం చేయించకూడదు, ఆ బట్టలు ఉతక్కూడదు. పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు. హైదరాబాద్‌లో 2016 నుంచి, ఇలాంటి బాధిత పిల్లలకూ మహిళలకూ సాయం చేసే పోలీసుల భరోసా కేంద్రం ఉంది.

పిల్లల డాక్టర్, కర్నూలు:
వినేటప్పుడు జరిగే తప్పులు కూడా రాయాలి. "మామయ్యేనా చేసింది?" అని పేరు మనం అందించకూడదు. "ఆ తర్వాత ఏమైంది?" అన్నది చాలు. పదేపదే అడిగితే తను చెప్పింది తప్పేమో అనుకుని బిడ్డ మాట మారుస్తుంది. విన్నది బిడ్డ మాటల్లోనే కాగితం మీద రాసి తేదీ, సమయం వేయాలి. "ఎవరికీ చెప్పనులే" అని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే చెప్పక తప్పదు. "నువ్వు చెప్పి మంచి పని చేశావు" అనాలి.

రెండో వారం పాఠంలో ఒక లోపముంది. మంచి స్పర్శ, చెడు స్పర్శ అని నేర్పితే చిన్నపిల్లలు దాన్ని నొప్పితో కొలుస్తారు. సూది నొప్పి పుడుతుంది, కాబట్టి చెడు. చక్కిలిగిలి నవ్వు తెప్పిస్తుంది, కాబట్టి మంచి. మోసం చేసేవాడు ఎప్పుడూ నొప్పితో మొదలుపెట్టడు, ఆటతో, చాక్లెట్‌తో మొదలుపెడతాడు. అందుకని అనుభూతి మీద కాదు, చోటు మీదా రహస్యం మీదా నియమం పెట్టండి. నోరు, ఛాతీ, కాళ్ళ మధ్య, పిర్రలు: ఈ నాలుగు చోట్లా కడగడానికి అమ్మానాన్నలు, అమ్మ పక్కనుండగా డాక్టర్ తప్ప ఎవరూ ముట్టుకోకూడదు, ఎవరూ వాళ్ళవి ముట్టుకోమనకూడదు. "ఎవరికీ చెప్పకు" అన్నారంటే అదే చెప్పాల్సిన గుర్తు. అబ్బాయికీ అమ్మాయికీ నియమం ఒకటే, అందుకే కలిపి చెప్పాలని నేనూ అంటాను.

ఇంకో సంగతి. బొమ్మలు రెండే ఉన్నా "అందరూ ఈ రెండింటిలో ఒకలాగే ఉంటారు" అనే వాక్యం వద్దు. పుట్టుకతో జననాంగాలు వేరుగా ఉండే పిల్లలు ఉంటారు. అలాంటి పసిపిల్లలకు ప్రాణాపాయం లేకుండా ఆపరేషన్లు చేయవద్దని మద్రాసు హైకోర్టు 2019లో చెప్పింది. "ఎక్కువమంది ఇలా ఉంటారు" అంటే సరిపోతుంది.

చెరువు వీధి, కరీంనగర్:
మా దిక్కు నాయనమ్మలే పిల్లల్ని సూస్కుంటరు. అమ్మానాన్నలు అని మాత్రమే అంటే, కడిగే నాయనమ్మను కూడా పిల్ల ఆపుతది.

పలకా బలపం:
మంచి మాట అన్నారు. "రోజూ నిన్ను కడిగే పెద్దవాళ్ళు" అని మారుస్తాం. ఎవరెవరో పిల్లల ఇంటివాళ్ళే రాసి పంపాలి.

గోదారి గట్టు గారూ, మీరన్నది ఇప్పుడు అర్థమైంది. అయినా ఒప్పుకోను. సిబ్బంది అందరికీ శిక్షణ అయ్యేదాకా ఆగితే ఈ ఏడాది ఒకటో తరగతి దాటిపోతుంది. శిక్షణ ఇవ్వండని అడిగీ అడిగీ మా గొంతులు పోయాయి. మొదటి రెండు వారాలు కలిపే చెబుతాం. మూడో వారం మాత్రం ఆరుగురేసి జట్లు, అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసే, వరండాలో. చెయ్యెత్తి చెప్పమనం. నమ్మే పెద్దవాళ్ళు ఐదుగురిని ఐదు వేళ్ళ మీద లెక్కపెట్టిస్తాం, అందులో కనీసం ఒకరు ఇంటి బయట మనిషి అయ్యుండాలి. చెప్పాలనుకుంటే ఎప్పుడైనా నా దగ్గరికి ఒక్కళ్ళే రావచ్చని అంటాం.

గోదారి గట్టు:
వ్యాన్ డ్రైవర్లు, వంటవాళ్ళు, ప్యూను, అందరినీ పాఠానికి ముందే పిలిచి ఈ నియమం బడిలో చెబుతున్నామని చెప్పండి. పిల్లలకు తెలిసిపోయిందని తెలిస్తేనే సగం మంది వెనక్కి తగ్గుతారు. అది చేయకుండా జట్లు పెట్టినా నేను ఒప్పుకోను. చార్టు మీద చెడ్డీ అచ్చులోనే ఉండాలి.

పలకా బలపం:
చార్టు అచ్చు వేయిస్తాం. డ్రైవర్ల సమావేశం శనివారం పెడతాం. తల్లిదండ్రులకు పంపే చీటీ ఇది, చూడండి:

"వచ్చే మూడు సోమవారాలు మీ బిడ్డకు శరీర భాగాల పేర్లు, అబ్బాయి అమ్మాయి తేడా, శుభ్రం, భద్రత చెబుతాం. చార్టు బడిలో ఉంది, వచ్చి చూడవచ్చు. బిడ్డ ఇంటికొచ్చి పేర్లు పలికితే నవ్వకండి, కొట్టకండి. బిడ్డ ఏదైనా చెబితే ముందు మాకు చెప్పండి."

వకీలు, నెల్లూరు:
చివరి వాక్యం తీసేయండి. ముందు బడికి అని రాస్తే, విషయం బడిలోనే ఆపారని రేపు మీ మీదికే వస్తుంది. "బిడ్డ ఏదైనా చెబితే 1098కి గానీ దగ్గరి పోలీస్ స్టేషన్‌కి గానీ చెప్పండి, తోడు కావాలంటే మేం వస్తాం" అని రాయండి.