ట్రాన్స్‌ఫ్యూజన్ మెడిసిన్ పీజీ: థీసిస్‌కు పనికొచ్చే అంశం ఏది? (చర్చ)

తొలియేడు పీజీ, హైదరాబాద్
నగరంలోని ఒక బోధనాసుపత్రిలో ఇమ్యునోహెమటాలజీ, బ్లడ్ ట్రాన్స్‌ఫ్యూజన్ (రక్త గ్రూపుల పరీక్ష, రక్తమార్పిడి) ఎండీలో ఈ ఏడాదే చేరాను. థీసిస్ అంశం త్వరగా తేల్చుకొమ్మని గైడ్ గారు చెప్పారు. సీనియర్ల థీసిస్‌లు తిరగేస్తే, రక్తదాతల్లో ఏ గ్రూపు ఎందరికి ఉంది, హెపటైటిస్-బి ఎంత శాతం మందిలో బయటపడింది అన్న లెక్కలే ఎక్కువగా కనిపించాయి. ఇంత శ్రమపడి చేసే పని వల్ల మా రక్తనిధిలోనో, వార్డులోనో ఒక్క పద్ధతైనా మెరుగుపడాలని నా కోరిక. ఈ రంగంలో పనిచేస్తున్నవారు, రక్తం ఎక్కించుకొనేవారి కుటుంబాలు, శిబిరాలు నడిపేవారు తమ అనుభవంలో ఏ సమస్య పరిశోధించదగినదిగా కనిపించిందో దయచేసి రాయండి.

సీనియర్ టెక్నీషియన్, సికింద్రాబాద్
డాక్టర్ గారూ, ముందు మీ రక్తనిధి కౌంటర్ దగ్గర కొన్నాళ్లు కూర్చొని వచ్చే శాంపిళ్లను చూడండి. ఊదారంగు మూత ట్యూబు మీద ఒక లేబులు, దాన్ని సగం కప్పేస్తూ ఇంకో లేబులు. పైదాని మీద పేరు ఉంటుంది, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు రోగికి ఇచ్చే నంబరు) ఉండదు. రిక్వెస్ట్ ఫారంలో లక్ష్మి అని, ట్యూబు మీద లక్ష్మమ్మ అని రాసి ఉంటుంది. ట్యూబులో ఉన్నది వేరే మనిషి రక్తమైతే, జెల్ కార్డుతో (గ్రూపు తేల్చే పరీక్ష కార్డు) ఎంత శ్రద్ధగా గ్రూపింగ్ చేసినా ఆ సంగతి తెలియదు. పాత రికార్డులో గ్రూపు రాసి ఉంటేనే తేడా బయటపడుతుంది. అందుకే మొదటిసారి వచ్చిన రోగికి, వేరే సమయంలో తీసిన రెండో శాంపిల్ అడగడం మంచి పద్ధతి. ఏ వార్డు నుంచి, ఏ షిఫ్టులో వచ్చిన శాంపిళ్లను తిప్పి పంపాల్సి వస్తోందో రాసుకొని, హౌస్ సర్జన్లకు వార్డులోనే శిక్షణ ఇచ్చి, ఆ తర్వాత మళ్లీ లెక్క చూడండి.

అసిస్టెంట్ ప్రొఫెసర్, ట్రాన్స్‌ఫ్యూజన్ మెడిసిన్
పై సలహాను పూర్తిగా సమర్థిస్తున్నాను. వేరే గ్రూపు రక్తం ఎక్కించడం వల్ల జరిగే ప్రమాదాల్లో ఎక్కువ భాగానికి కారణం ల్యాబు పరీక్షల లోపం కాదు, మనిషిని, పేరును, నంబరును సరిచూసుకోకపోవడమే. గ్రూపుల లెక్కల థీసిస్‌లను నేను తీసిపారేయను, వాటితో విద్యార్థికి పద్ధతి అలవడుతుంది. అయితే ఇప్పటికే తెలిసిన జవాబు కోసం పీజీ కాలమంతా వెచ్చించడం నష్టమని నా అభిప్రాయం.

కామన్ కాజ్ అనే సంస్థ వేసిన కేసులో 1996లో తీర్పు ఇచ్చిన సుప్రీంకోర్టు, డబ్బుకు రక్తమిచ్చే పద్ధతిని రెండేళ్లలో ఎత్తివేయాలని ఆదేశించడంతోపాటు, రక్త సేకరణ, నిల్వ, మార్పిడి అంశాల్లో పీజీ కోర్సులను ప్రోత్సహించాలని కూడా చెప్పింది. అంటే ఈ చదువును రక్త భద్రతలో భాగంగానే న్యాయస్థానం చూసింది. రక్తనిధి గది దాటి రోగి దగ్గరికి వెళ్లకపోతే మన చదువు సగంలో ఆగిపోయినట్టే.

మరో రెండు దారులున్నాయి. రక్తం ఎక్కించాక వచ్చే రియాక్షన్లను నమోదు చేసే జాతీయ హీమోవిజిలెన్స్ కార్యక్రమం 2012 డిసెంబరు 10న మొదలైంది. నోయిడాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బయోలాజికల్స్ దాన్ని సమన్వయం చేస్తోంది. రోగికి చలి జ్వరం వచ్చినా, పారాసెటమాల్, అవిల్ (అలర్జీ మందు) ఇచ్చి ఊరుకొని, ఫారం నింపకుండా వదిలేసే వార్డులు ఎందుకలా చేస్తున్నాయో ఎవరైనా అడిగి తెలుసుకోవాలి. రెండోది రక్తాన్ని అవసరం మేరకే వాడటం. హిమోగ్లోబిన్ 7 గ్రాముల లోపుకు పడితేనే రక్తం ఎక్కించిన ఐసీయూ రోగులు, 10 లోపుకు రాగానే ఎక్కించినవారికంటే ఏమీ నష్టపోలేదని 838 మందిపై చేసిన కెనడా అధ్యయనం 1999లోనే చూపింది. అయినా మన దగ్గర ‘2 యూనిట్లు’ అని అలవాటుగా రాసే ఫారాలు వస్తూనే ఉన్నాయి. ఒక యూనిట్ ఇచ్చి, రోగిని మళ్లీ పరీక్షించి, ఆపైన రెండోది నిర్ణయించే పద్ధతిని ఒక్క వార్డులో అమలుచేసి చూసినా మంచి పరిశోధన అవుతుంది.

తలసీమియా బాబు తల్లి, రాజేంద్రనగర్
నేను డాక్టరును కాను, అయినా అడిగారు కనుక రాస్తున్నాను. మా బాబుకు తలసీమియా, అంటే ఒంట్లో రక్తం సరిగా తయారుకాని పుట్టుజబ్బు. అందుకే మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తారు. మొదట్లో చూపించిన ఆసుపత్రిలో ఏబీవో, ఆర్‌హెచ్-డి (పాజిటివా, నెగటివా అన్నది) మాత్రమే చూసి ఎక్కించేవారు. తర్వాత బాబు ఒంట్లో ఎక్కించిన రక్తకణాలపై దాడిచేసే యాంటీబాడీ తయారై, సరిపడే రక్తం దొరకడం కష్టమైంది. ఆర్‌హెచ్‌లోని మిగతా యాంటిజెన్లను (ఎర్రకణాల మీద ఉండే గుర్తులను), కెల్ అనే ఇంకో యాంటిజెన్‌ను కూడా మొదటి నుంచే జతపరిస్తే ఈ ముప్పు తగ్గుతుందని మాకు ఆలస్యంగా తెలిసింది. ఇలాంటి పిల్లలకు తొలిసారి రక్తం ఎక్కించకముందే పూర్తి ఫీనోటైప్ (ఎర్రకణాల మీద ఏ యాంటిజెన్లు ఉన్నాయో చూసే పరీక్ష) చేసి, ఒక కార్డు మీద రాసిస్తే, ఏ ఆసుపత్రికి వెళ్లినా చూపించుకోగలం. దాని మీద పనిచేసే డాక్టర్లు ఇంకా రావాలమ్మా.

స్టాఫ్ నర్సు, ఉప్పల్
మాకు క్లాసులు పెడితే హాలులో స్లైడ్లు చూపించి పంపేస్తారు. నైట్ డ్యూటీలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు మొదటి పదిహేను నిమిషాలు ఆ రోగిని వదలకుండా ఎలా చూసుకోవాలి, బ్యాగు వచ్చాక అరగంటలో మొదలుపెట్టలేకపోతే మందుల ఫ్రిజ్‌లో పెట్టకుండా రక్తనిధికి ఎందుకు తిప్పి పంపాలి, నాలుగు గంటలు దాటితే ఎందుకు ఆపేయాలి అన్నవి వార్డులో, నిజమైన బ్యాగు చేతిలో పెట్టి చెప్పాలి. శిక్షణ మీద థీసిస్ చేస్తే నర్సులను కూడా కలపండి మేడమ్.

శిబిరాల నిర్వాహకుడు, కూకట్‌పల్లి
ఇంకొక సంగతి. జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినమైన అక్టోబరు 1న కాలేజీల్లో శిబిరం పెట్టినప్పుడు ఎందరో అమ్మాయిలు ఉత్సాహంగా వస్తారు. రక్తపు బొట్టు నీలి కాపర్ సల్ఫేట్ ద్రావణంలో మునగక పైనే ఆగిపోతుంది, అంటే హిమోగ్లోబిన్ 12.5 లేదన్నమాట, ‘ఈసారి కుదరదమ్మా’ అని పంపేస్తాం. ఆ తర్వాత వాళ్లు ఎక్కడ చూపించుకొన్నారు, ఐరన్ మాత్రలు వాడారా, మళ్లీ దానానికి వచ్చారా అన్నది ఎవరూ కనుక్కోవడం లేదు.

తొలియేడు పీజీ, హైదరాబాద్
అందరికీ కృతజ్ఞతలు. శాంపిల్ లేబులింగ్‌పై హౌస్ సర్జన్లకు, నర్సులకు వార్డులో శిక్షణ ఇచ్చి, ముందూ తర్వాతా పోల్చే అంశాన్ని గైడ్ గారి ముందు పెడతాను. ప్రొఫెసర్ గారూ, ఇందులో ముందే జాగ్రత్తపడాల్సినది ఏమిటి?

అసిస్టెంట్ ప్రొఫెసర్, ట్రాన్స్‌ఫ్యూజన్ మెడిసిన్
హౌస్ సర్జన్లు పోస్టింగు మారుతూనే ఉంటారు. మీరు శిక్షణ ఇచ్చినవారు వెళ్లిపోయి కొత్తవారు వస్తే, ముందు లెక్కా తర్వాత లెక్కా వేర్వేరు మనుషులవి అవుతాయి. కనుక ప్రతి బ్యాచ్‌కు వచ్చిన మొదటి వారంలోనే శిక్షణ పెట్టి, బ్యాచ్‌లవారీగా లెక్క రాయండి. ఏది తప్పు లేబులో ముందే నిర్వచించుకోండి. తప్పు చేసినవారి పేర్లు ఎక్కడా రాయనని ఎథిక్స్ కమిటీకి ఇచ్చే ప్రోటోకాల్‌లోనే చెప్పండి. ఆ హామీ లేకపోతే వార్డులు మీకు నిజమైన లెక్కలు ఇవ్వవు.