స్కమ్‌వీఎంలో "డే ఆఫ్ ది టెంటకిల్" దొరకట్లేదు అంటోంది, ఎవరైనా కాస్త చూడండి

ఊదారంగు:
సాయంత్రం నుంచి దీంతోనే కూర్చున్నాను, ఇప్పుడు అర్ధరాత్రి దాటింది. బుర్ర వేడెక్కడం తప్ప ఒక్క అడుగు ముందుకు పడలేదు. డే ఆఫ్ ది టెంటకిల్ అనే పాత కంప్యూటర్ ఆటని టీవీలో ఆడదామని, పాత ఆటల్ని నడిపించే స్కమ్‌వీఎం వేశాను. అది బాగానే తెరుచుకుంటోంది. ఆట ఉన్న ఫోల్డరు చూపించి జాబితాలో చేర్చమంటే మాత్రం, ఇందులో ఆటేమీ లేదని మొహం మీదే చెప్పేస్తోంది. ఎందుకు లేదు? ఆట అక్కడే ఉంది, నా కళ్లకి కనపడుతోంది! మెమరీ కార్డు తీసి మళ్లీ పెట్టాను, ఫోల్డరు పేరు మార్చాను, మార్చిన పేరు మళ్లీ మార్చాను. ఇదే ఆట కంప్యూటర్లో సుబ్బరంగా ఆడుతోంది. దయచేసి "గూగుల్ చెయ్యి" అనకండి, చేసే వచ్చాను.

మౌనముని:
ఏ కన్సోల్?

నాలుగింటమూడు:
ఆట ఎలాగూ మొదలవుతుంది, ఇవాళ కాకపోతే రేపు. మొదలయ్యాక అందరూ వదిలేసే విషయం ఒకటుంది, ముందే చెబుతున్నాను. 1993లో ఈ ఆట బొమ్మలన్నీ 320×200లో గీశారు. అప్పటి మానిటర్లేమో 4:3. అంటే ఆ తెర మీద ఒక్కో పిక్సెల్ చదరంగా ఉండేది కాదు, వెడల్పు కన్నా ఎత్తు 1.2 రెట్లు ఉండేది. ఆర్టిస్టుల కంటికి కనిపించిన బొమ్మ ఆకారం నిజానికి 320×240ది. ఇప్పటి వెడల్పు టీవీలో దాన్ని అడ్డంగా సాగదీసి చూస్తే ఆటలోని బక్కపలచని బెర్నార్డ్ కూడా లావుపాటి హోగీకి సొంత తమ్ముడిలా తయారవుతాడు. స్కమ్‌వీఎం గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఆస్పెక్ట్ రేషియో కరెక్షన్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చెయ్యండి. కన్సోల్ సెట్టింగుల్లోనూ 4:3 పెట్టండి. రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తే రానివ్వండి. వాటిని చూసి టీవీ వృథా అయిపోతోందని బాధపడేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

రెండోప్లేయర్:
పీఎస్4 అయితే ఈ ఎమ్యులేటర్ తంటాలన్నీ ఎందుకండీ? 2016లో వచ్చిన రీమాస్టర్డ్ వెర్షన్ పీఎస్4కీ ఉంది, వీటాకీ ఉంది. ఎక్స్‌బాక్స్ వన్‌కి 2020లో వచ్చింది. అందులో ఒక బటన్ నొక్కితే పాత బొమ్మలూ కనిపిస్తాయి, కొత్తవీ కనిపిస్తాయి. హాయిగా అదే ఆడుకోండి.

ఊదారంగు:
పీఎస్4 కాదు, వీ. నింటెండో వీ. బయటివాళ్లు రాసిన ప్రోగ్రాములు నడిపే హోమ్‌బ్రూ చానెల్ ఎప్పుడో వేసుకున్నాను, మిగతావన్నీ ఆడుతున్నాయి. స్కమ్‌వీఎం తెరుచుకుంటోందని పైన చెప్పాను కదండీ.

మౌనముని:
వీ అని చెప్పలేదు.

అసలుసిసలు:
@రెండోప్లేయర్, స్కమ్‌వీఎం ఎమ్యులేటర్ కాదు. ఈ మాట నేను చాలా చోట్ల చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. ఎమ్యులేటర్ అంటే ఒక యంత్రంలా నటించే సాఫ్ట్‌వేర్. పాత డాస్ కంప్యూటర్ మొత్తాన్నీ అనుకరించే డాస్‌బాక్స్ ఉందే, దాన్ని అనండి, ఒప్పుకుంటాను. స్కమ్‌వీఎం ఏ యంత్రాన్నీ అనుకరించదు. 1987లో మేనియాక్ మాన్షన్ కోసం స్కమ్ అనే స్క్రిప్టు భాషను తయారుచేసుకున్నారు. ఆ తర్వాత మంకీ ఐలండ్, టెంటకిల్, సామ్ అండ్ మ్యాక్స్, అన్నీ దాంట్లోనే రాశారు. ఆ స్క్రిప్టుని చదివి నడిపించే ఇంజిన్‌ని 2001 నుంచి ఔత్సాహికులు కొత్తగా రాసుకుంటూ వస్తున్నారు. అదీ స్కమ్‌వీఎం.

రెండోప్లేయర్:
సరే సార్, ఎమ్యులేటర్ కాదు. పాత ఆటని కొత్త డబ్బాలో ఆడిస్తుంది. వాడేవాడికి తేడా ఏముంది?

అసలుసిసలు:
తేడా ఎందుకు లేదు? ఎమ్యులేటర్‌కి ఆట మొత్తం ఇవ్వాలి, ఆటని నడిపే ఈఎక్స్‌ఈ ఫైలుతో సహా. స్కమ్‌వీఎంకి ఆ ఈఎక్స్‌ఈతో పనే లేదు, దాని పనిని ఇదే చేస్తుంది. దీనికి కావాల్సింది డేటా ఫైళ్లు మాత్రమే. పేరు తప్పుగా అనుకుంటే పనీ తప్పుగానే చేస్తాం. ఇక్కడ అడిగినాయన కూడా ఈఎక్స్‌ఈని కార్డులోకి ఎక్కించి చూస్తున్నారని నా అనుమానం.

చెవికోసుకుంటా:
వీలో టెంటకిల్ అనగానే ఆగలేక వచ్చాను. సంగీతం విషయంలో జాగ్రత్త. ఈ ఆటకి ముగ్గురు కలిసి పనిచేశారు: క్లింట్ బజాకియన్, పీటర్ మెకానెల్, మైకేల్ ల్యాండ్. ఐమ్యూజ్ పద్ధతి కాబట్టి గది మారితే పాట తెగిపోదు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి జారుతుంది. రోలాండ్ ఎంటీ-32 అనే పాత సంగీత పెట్టెలో వింటే ఆ సొగసే వేరు. కానీ స్కమ్‌వీఎంలో ఎంటీ-32ని ఆన్ చేస్తే ఆ పెట్టె పనంతా ప్రాసెసరే చెయ్యాలి. వీ ప్రాసెసర్ 729 మెగాహెర్ట్జ్. పాపం దానికి అంత ఊపిరి లేదు, శబ్దం తెగి తెగి వస్తుంది. మనసు చంపుకుని ఆడ్‌లిబ్ అనే పాత సౌండ్ కార్డు శబ్దమే పెట్టుకోండి. కంప్యూటర్లో ఆడినప్పుడు మాత్రం ఎంటీ-32లోనే వినండి, నా మీద ఒట్టు.

రెండోప్లేయర్:
కార్డు ఎంతది? 32 జీబీ కన్నా పెద్ద కార్డులు మామూలుగా ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తాయి. వీలో హోమ్‌బ్రూకి ఫ్యాట్32 ఉండాలి. ఒకసారి ఫార్మాట్ చేసి చూడండి.

మౌనముని:
అదే కార్డు నుంచి స్కమ్‌వీఎం తెరుచుకుంటోంది. ఫార్మాట్ సమస్య కాదు.

రెండోప్లేయర్:
అవును, అదీ నిజమే.

మౌనముని:
ఫోల్డరులో ఏ ఫైళ్లున్నాయి? పేర్లు రాయండి.

ఊదారంగు:
ఏముంటాయండీ, ఆట ఫైళ్లే. డాట్ అని ఒక ఈఎక్స్‌ఈ, రెండు మూడు డీఎల్‌ఎల్‌లు, "టెంటా.క్లీ" అని ఒక పెద్ద ఫైలు. కొని డౌన్‌లోడ్ చేసుకున్నదే, ఎక్కడా దొంగ కాపీ కాదు. ఫోల్డరుకి ఫోల్డరు కార్డులోకి కాపీ చేశాను.

అసలుసిసలు:
అనుకున్నాను. ఈఎక్స్‌ఈ.

మౌనముని:
అది రీమాస్టర్డ్.

ఊదారంగు:
అవును, రీమాస్టర్డే. ఇప్పుడు ఎక్కడ కొన్నా దొరికేది అదేగా? అందులో పాత ఆట కూడా ఉందని రెండోప్లేయర్ గారే అన్నారు కదా పైన.

రెండోప్లేయర్:
ఈ ముక్క మొదటి పోస్టులో ఉండుంటే అందరం ఈపాటికి నిద్రపోయేవాళ్లం. పాత ఆట లోపల ఉన్న మాట నిజమే, కానీ విడిగా లేదు. ఆ టెంటా.క్లీ అనేదే మూట. పాత ఫైళ్లు, కొత్త బొమ్మలు, కొత్త సంగీతం అన్నీ దాంట్లో కట్టేశారు. వీలో మీరు వేసుకున్న స్కమ్‌వీఎం ఆ మూట జోలికి పోవట్లేదు, విడి ఫైళ్ల కోసం వెతుకుతోంది. కంప్యూటర్లో డబుల్ ఫైన్ ఎక్స్‌ప్లోరర్ అనే ఉచిత టూల్‌తో ఆ మూట విప్పండి. ఫైళ్ల జాబితా వస్తుంది, అందులో పేరుకి ముందు క్లాసిక్ అని ఉన్నవి పాత ఆటవి. మనకి కావాల్సినవి అవే.

మౌనముని:
టెంటకిల్.000, టెంటకిల్.001. రెండూ ఒకే ఫోల్డరులో పెట్టండి. ఈఎక్స్‌ఈ తీసెయ్యండి.

కార్ట్రిడ్జ్‌ఊదుడు:
మేనియాక్ మాన్షన్ పేరెత్తారు కాబట్టి నా మాట ఒకటి. మీరంతా డాస్ వాళ్లు. నేను దాన్ని నింటెండో 8-బిట్ పెట్టెలో ఆడినవాణ్ని, అది 1990లో వచ్చింది. మౌస్ లేదు, కంట్రోలర్ మీటతో గుర్తుని తెర మొత్తం ఈడ్చుకుంటూ పోవాలి. అయినా ఆ పాత్రలకి ఒక్కొక్కరికీ ఒక పాట, ఆ హుషారు ఇంకే వెర్షన్‌లోనూ లేదు. కన్సోల్‌కి తెచ్చేటప్పుడు కంపెనీ వాళ్లు బొమ్మలూ మాటలూ చాలా కత్తిరించమన్నారు. కానీ హ్యామ్‌స్టర్‌ని మైక్రోవేవ్‌లో పెట్టి పేల్చే సంగతి మాత్రం వాళ్ల కంట పడలేదు! మొదట అచ్చయిన అమెరికా కార్ట్రిడ్జుల్లో అది అలాగే ఉంది, తర్వాత తీయించారు.

అసలుసిసలు:
మొదట వచ్చింది కమోడోర్ 64కీ యాపిల్ 2కీ. డాస్ కూడా ఆ తర్వాతే.

కార్ట్రిడ్జ్‌ఊదుడు:
నేను మొదట అనలేదుగా. 1990 అన్నాను.

అసలుసిసలు:
"మీరంతా డాస్ వాళ్లు" అన్నారు. అందుకని చెప్పాను.

నాలుగింటమూడు:
8-బిట్ నింటెండో పిక్సెల్ కూడా చదరం కాదు, తెలుసుగా. అది 256×240 బొమ్మ...

రెండోప్లేయర్:
దయచేసి ఇప్పుడు వద్దు.

ఊదారంగు:
వచ్చింది!! జాబితాలో చేరింది, ఆట మొదలైంది, ఊదా టెంటకిల్ ఆ మురుగు నీళ్లు తాగేసి చేతులు మొలిపించుకుంది కూడా. కానీ ఎవరికీ గొంతు లేదు. పెదాలు కదులుతున్నాయి, కింద అక్షరాలు వస్తున్నాయి, సంగీతం వస్తోంది, మాట మాత్రం రావట్లేదు. కంప్యూటర్లో అందరూ మాట్లాడతారు. వీలో స్పీచ్ సెట్టింగ్ ఎక్కడుంటుంది? ఆప్షన్లన్నీ తిప్పి చూశాను, "స్పీచ్ అండ్ సబ్‌టైటిల్స్" అనే ఉంది. టీవీ స్పీకర్ల తేడా ఏమో అని వైరు మార్చి కూడా చూశాను.

చెవికోసుకుంటా:
సంగీతం వస్తోంది కదా, అంటే స్పీకర్లు భేషుగ్గా ఉన్నాయి. ఆడ్‌లిబ్ పెట్టారా?

మౌనముని:
మాన్‌స్టర్.ఎస్‌ఓయూ ఎక్కడ?

ఊదారంగు:
అదేంటి? మీరు రెండు ఫైళ్లే చెప్పారు.

మౌనముని:
ఆట కనపడటానికి ఆ రెండు చాలు. గొంతులు ఇందులో ఉంటాయి.

రెండోప్లేయర్:
ఈ మౌనముని గారి దగ్గర వరం అడిగితే అక్షరం అక్షరం లెక్కపెట్టి ఇస్తారు. చూడండి ఊదారంగు గారూ, టెంటకిల్.000 చిన్న ఫైలు, ఏ సరుకు ఎక్కడుందో చెప్పే పట్టిక లాంటిది. .001లో గదులు, బొమ్మలు, స్క్రిప్టులు, సంగీతం ఉంటాయి. నటుల సంభాషణలన్నీ మాన్‌స్టర్.ఎస్‌ఓయూలో విడిగా ఉంటాయి, మూడింట్లోకీ పెద్దది అదే. అది లేకపోతే స్కమ్‌వీఎం తప్పు చూపించదు, నోరు మూసుకుని అక్షరాలతో నడిపించేస్తుంది. అందుకే మీకు అనుమానం రాలేదు. ఆ మూటలోనే ఉంటుంది, తీసి మిగతా రెండింటి పక్కనే పెట్టండి. ఆటని జాబితాలోంచి తీసేసి మళ్లీ చేర్చండి.

ఆ పట్టున మేనియాక్ అనే పేరుతో ఫైళ్లు కనపడితే అవీ తెచ్చుకోండి. టెంటకిల్ ఆటలో ఎడ్ అనే పాత్ర గదిలో ఒక కంప్యూటర్ ఉంటుంది, దాన్ని వాడితే మేనియాక్ మాన్షన్ పూర్తి ఆట మొదలవుతుంది. ఆటలో ఆట. అది ఆడాలంటే ఆ ఫైళ్ల ఫోల్డరుని టెంటకిల్ ఫోల్డరు లోపలే ఉంచి, జాబితాలో వేరే ఆటగా కూడా చేర్చాలి.

కార్ట్రిడ్జ్‌ఊదుడు:
చూశారా, చివరికి నా మేనియాక్ మాన్షన్ దగ్గరికే వచ్చారు. కాకపోతే అందులో ఉన్నది డాస్ వెర్షన్. ఆ పాటలుండవు.

ఊదారంగు:
సరే, ఆ ఫైలు కాపీ అవుతోంది, కాస్త టైమ్ పట్టేలా ఉంది. ఈలోపు ఇంకొకటి. రిమోట్‌తో చూపిస్తుంటే గుర్తు ఉన్నచోట ఉండట్లేదు, వణుకుతోంది. చిన్న వస్తువు మీద నొక్కబోతే పక్కది తగులుతోంది.

కార్ట్రిడ్జ్‌ఊదుడు:
టీవీ దగ్గర దీపమేదైనా ఉందా? వీ సెన్సార్ బార్ అంటారు కానీ అందులో సెన్సారేమీ లేదు, రెండు వైపులా ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు వెలుగుతుంటాయి, అంతే. వాటిని చూసే కెమెరా రిమోట్ ముక్కులో ఉంది. ఆ పక్కన వేడి బల్బు ఉన్నా, తెర వెనక కిటికీలోంచి ఎండ పడినా వాటినీ లెక్కలోకి తీసుకుని తికమక పడుతుంది. బార్ పాడైతే రెండు కొవ్వొత్తులు దూరం దూరంగా వెలిగించి పెట్టినా పని జరుగుతుంది.

అసలుసిసలు:
అందుకే ఆ పేరు కూడా తప్పే.

కార్ట్రిడ్జ్‌ఊదుడు:
కంపెనీ పెట్టిన పేరది సార్, నేను పెట్టలేదు.

ఊదారంగు:
టీవీ పక్కన టేబుల్ ల్యాంప్ ఉంది, ఆర్పేశాను. చాలా నయం. ఆటలో లావెర్న్ చెట్టుకి వేలాడుతోంది, ఆమెని ఎలా దించాలో ఇంకా తెలీదు, చెప్పకండి.

చెవికోసుకుంటా:
హ్యామ్‌స్టర్ సంగతి వచ్చింది కాబట్టి, ఈ ఆటలో దానికి భలే సమాధానం పెట్టారు. పాత ఆటలో పేల్చారు కదా, ఇందులో ఇప్పటి కాలంలో ఐస్ మెషీన్‌లో పెట్టి, 200 ఏళ్ల తర్వాత తీసి అదే మైక్రోవేవ్‌లో కరిగిస్తే బతికి వస్తుంది. ఆ జోకు అర్థం కావాలంటే ముందు పాతది ఆడి ఉండాలి.

రెండోప్లేయర్:
ఆయన చెప్పకండి అన్నారు కదండీ!

చెవికోసుకుంటా:
చెట్టు గురించి చెప్పద్దన్నారు. నేను చెట్టు ఊసెత్తలేదు.

రెండోప్లేయర్:
పజిల్ పజిలే కదా. 1993 నాటి ఆట అయితే మాత్రం, ఆయన ఆడుతున్నది ఇవాళ.

అసలుసిసలు:
ముప్పై ఏళ్లు దాటిన ఆటకి స్పాయిలర్ అనే మాట వర్తించదు.

రెండోప్లేయర్:
మళ్లీ మొదలు.

ఊదారంగు:
మాటలు వస్తున్నాయి. థాంక్స్.

నాలుగింటమూడు:
ఊదారంగు గారూ, ఇప్పుడైనా 4:3 పెట్టారా? ఫోటో పెడితే చూసి చెబుతాను.

కొత్తవాడు:
నాది పీఎస్‌పీ. సామ్ అండ్ మ్యాక్స్ హిట్ ది రోడ్‌కి కూడా ఇదే మాన్‌స్టర్ ఫైలేనా?

మౌనముని:
పేరు అదే. ఫైలు వేరు. కొత్త చర్చ తెరవండి.