అప్‌డేట్: షవర్‌కి పట్టిన తెల్లటి గార, వెనిగర్‌తో ఏమైందంటే

బోరు నీళ్లకి మా షవర్, కుళాయిలు తెల్లగా గార కట్టాయి, యాసిడ్ వాడకుండా ఎలా వదిలించాలని పోయిన నెల అడిగాను. ఎక్కువమంది వెనిగర్ అన్నారు. నిజంగా పనిచేసింది, అందరికీ థాంక్స్.

కిరాణా కొట్లో దొరికే తెల్ల వెనిగర్‌ని ప్లాస్టిక్ కవర్‌లో పోసి, షవర్ అందులో మునిగేలా రబ్బరు బ్యాండుతో బిగించి కట్టాను. కాసేపటికే సన్నటి బుడగలు మొదలయ్యాయి. ఆ గారలో ఎక్కువ భాగం కాల్షియం కార్బనేటే, వెనిగర్‌లో ఉండే తేలికపాటి ఆమ్లం తగిలితే కరుగుతుంది. గంటన్నర ఆగి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. మూసుకుపోయిన కన్నాల్లోంచి మళ్లీ నీళ్లు నిటారుగా పడుతుంటే ఎంత సంతోషమేసిందో! కెటిల్‌లో సగం వెనిగర్, సగం నీళ్లు పోసి మరిగించాను, అడుగు తళతళలాడింది.

ఒక పొరపాటు మాత్రం జరిగింది. వాష్‌బేసిన్ పక్కన పాలరాయి మీద నాలుగు చుక్కలు పడ్డాయి. తుడిచినా అక్కడ మెరుపు పోయింది. పాలరాయి కూడా కాల్షియం కార్బనేటే మరి! మీ ఇంట్లో ఉంటే ముందే కప్పేయండి. బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం వెనిగర్ అస్సలు కలపొద్దు, విషపూరితమైన క్లోరిన్ వాయువు వస్తుంది.

టైల్స్ మధ్య నల్ల గీతలు మాత్రం అలాగే ఉన్నాయి.