గ్రీసును విడిపించింది నవారినో ఫిరంగులేనా?

తీరవాసి:
ఒట్టోమన్ తుర్కుల పాలన నుంచి విడిపోవడానికి గ్రీకులు యుద్ధం చేస్తుండగా, 1827 అక్టోబరు 20న గ్రీసు తీరంలోని నవారినో అఖాతంలో బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా నౌకలు కలిసి ఒట్టోమన్, ఈజిప్టు నౌకాదళాన్ని కొన్ని గంటల్లో చాలావరకు ధ్వంసం చేశాయి. కూటమి నౌకల్లో ఒక్కటీ మునగలేదు. అప్పటికే గ్రీకుల మిస్సొలోంఘి పట్టణం శత్రువు చేతిలో పడిపోయింది, ఏథెన్స్‌లో అక్రోపొలిస్ కోట లొంగిపోయింది. గ్రీకులు సొంత బలంతో గెలిచారన్న మాటను నేను ఒప్పుకోను.

కొండదారి:
తీరవాసి గారూ, మీరు కథను చివరి నుంచి చదువుతున్నారు. 1822 వేసవికి వెళ్ళండి. ఒట్టోమన్ సేనాని ద్రమాలి పాషా ఇరవై వేలకు పైబడిన సైన్యంతో కోరింత్ దాటి ఆర్గోస్ మైదానంలోకి దిగాడు. గ్రీకు ప్రభుత్వ పెద్దలు ఓడలెక్కారు. గ్రీకు సేనాని కొలొకొత్రోనిస్ మాత్రం కదల్లేదు. శత్రువుకు గింజ దొరకకుండా మైదానంలోని పంటలు తగలబెట్టించాడు. మరో గ్రీకు నాయకుడు దిమిత్రియోస్ ఇప్సిలాంతిస్ గుప్పెడు మందితో ఆర్గోస్ కోటలో నిలబడి ఆ మహాసైన్యాన్ని అక్కడే ఆపేశాడు. మండుటెండలో తిండీ నీళ్ళూ కరువై ద్రమాలి వెనుదిరిగాడు. పాత పంచాంగం ప్రకారం జులై 26న దెర్వెనాకియా కనుమల్లో గ్రీకులు కాపు కాశారు. గ్రీకు దళపతి నికితారాస్ దళం అక్కడి అయోస్ సోస్తిస్ దారిని మూసేసింది. రెండు రోజుల తర్వాత అయోనోరి దగ్గర మిగిలినవారికీ అదే గతి పట్టింది. ఆ ఏడాది చివరికల్లా ద్రమాలి కోరింత్‌లో చనిపోయాడు, నఫ్ప్లియో కోట గ్రీకుల చేతికొచ్చింది. ఆ కనుమల్లో ఓడి ఉంటే 1827లో ఆ మూడు రాజ్యాలు లండన్‌లో ఒప్పందం ఎవరి కోసం రాసేవి? ఆరిపోయిన పొయ్యి మీద ఎవరూ ఎసరు పెట్టరు.

తీరవాసి:
దెర్వెనాకియా గొప్పదే. దాని ఫలాన్ని నిలుపుకున్నారా? తమలో తాము యుద్ధం చేసుకుని, అదే కొలొకొత్రోనిస్‌ను హైడ్రా దీవిలో బంధించారు. 1825లో ఈజిప్టు సేనాని ఇబ్రహీం పాషా దిగాకే విడుదల చేశారు. ఇబ్రహీంను ఆయన కూడా వెళ్ళగొట్టలేకపోయాడు.

కొండదారి:
అంతర్యుద్ధం క్షమించరాని నేరం, అందులో మీతో వాదన లేదు. కానీ ఇబ్రహీం కూడా గ్రీసు దక్షిణాన ఉన్న మానీ ప్రాంతాన్ని లొంగదీయలేకపోయాడు. 1826లో అక్కడ ఓడి వెనక్కి తగ్గాడు. లొంగని ప్రాంతం మిగిలి ఉండబట్టే మూడు రాజ్యాలకు మాట్లాడడానికి ఒక పక్షం దొరికింది.

పాత పటం:
ఇద్దరూ ఒక సంగతి వదిలేశారు. నవారినో తర్వాత కూడా ఇబ్రహీం సైన్యం దాదాపు ఏడాది గ్రీసు దక్షిణ ద్వీపకల్పం పెలోపొన్నెసులోనే ఉంది. దాన్ని పంపించడానికి 1828లో ఫ్రెంచి సేన రావలసి వచ్చింది. ఒట్టోమన్ సుల్తాను దిగివచ్చింది 1828-29 రష్యా యుద్ధంలో ఓడి, ఎద్రియానోపుల్ సంధి మీద సంతకం చేశాక. ఆ నెలలోనే, 1829 సెప్టెంబరులో, పెట్రా దగ్గర చివరి పోరులో గ్రీకు సేనను నడిపింది ఇప్సిలాంతిస్. తీరవాసి గారూ, నవారినోతోనే అంతా తేలిపోతే పెట్రాలో ఆ పోరు ఎందుకు జరిగింది?