మధ్యాహ్నం కునుకు: తప్పు చేస్తున్నట్టు అనిపించకుండా ఎలా?

చిక్కడపల్లి_రీడర్: గ్రూప్స్ ప్రిపరేషన్‌లో రోజుకి 10 గంటలు చదవాలని పెట్టుకున్నవాళ్లకి మధ్యాహ్నం రెండింటికి కళ్లు మూతలు పడతాయి. పడుకుంటే టైమ్ పోయిందన్న బాధ, కూర్చుంటే చదివింది ఎక్కదు. ఎంతసేపు పడుకోవచ్చండీ?

గోదారిగట్టు: 20 నిమిషాలు. నిద్ర పట్టడానికి 5 కలుపుకుని అలారం 25కి పెట్టండి. అరగంట దాటితే గాఢనిద్రలోకి జారతారు. అందులోంచి లేస్తే ఇంకో అరగంట దాకా తల దిమ్ముగానే ఉంటుంది. "పడుకుంటే బద్ధకం పెరిగింది" అనేది చాలావరకు దీనివల్లే, మీలో పట్టుదల లేక కాదు. అన్నం తిన్నందుకే నిద్రొస్తుంది అనుకుంటాం గానీ, ఒంట్లోని గడియారమే ఒంటిగంట, మూడు మధ్య చురుకుదనం తగ్గిస్తుంది. తినకపోయినా వస్తుంది. కడుపునిండా ముద్దపప్పు, నెయ్యి అన్నం పడితే ఇంకాస్త బరువు. మూడు దాటాక మాత్రం వద్దు, రాత్రి నిద్ర చెడుతుంది.

రాత్రిపాళీ: కాఫీ తాగి వెంటనే కళ్లు మూసుకోండి. కెఫీన్ పనిచెయ్యడానికి 20, 30 నిమిషాలు పడుతుంది, అలారం మోగేవేళకి అందుకుంటుంది. తాగినదాంట్లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు 5 గంటలు కాబట్టి, రెండు దాటితే కాఫీ వద్దు.

చిక్కడపల్లి_రీడర్: స్టడీ హాల్లో నడుం వాల్చే చోటే ఉండదు కదా?

బల్లకుర్చీ: మడిచిన చేతుల మీద తల పెడితే నరాలు నొక్కుకుని తిమ్మిరెక్కుతాయి. తువ్వాలు మందంగా మడతపెట్టి బల్ల మీద వేసి నుదురు ఆనించండి, చేతులు ఒళ్లో పెట్టుకోండి. ఫోన్ వైబ్రేషన్‌లో జేబులో. నిద్ర పట్టకపోయినా అలాగే ఉండండి, అదీ విశ్రాంతే. రీల్స్ చూడటం కాదు. కళ్లకీ బుర్రకీ మళ్లీ అదే పని.

గోదారిగట్టు: ఇక ఆ బాధ సంగతి. మిగిలిన టైమ్‌లో పడుకుందాం అనుకుంటే ఎప్పటికీ మిగలదు, పడుకున్నా దొంగతనంలా ఉంటుంది. టైమ్‌టేబుల్లో పాలిటీ, ఎకానమీ కంటే ముందు 1:45 నుంచి 2:10 గడి నింపండి. దూరప్రయాణ పైలట్ల మీద 1994లో వచ్చిన నాసా నివేదికలో, విమానం నడుస్తుండగానే వంతులవారీగా 40 నిమిషాల విరామం ఇస్తే సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, తర్వాత మరింత అప్రమత్తంగా ఉన్నారు. అంత బాధ్యత ఉన్నవాళ్లకే కునుకు పనిలో భాగమైనప్పుడు, లక్ష్మీకాంత్ పాలిటీ పుస్తకం ముందు కూర్చున్నవాళ్లకి ఎందుకు కాకూడదు?

తెల్లారిజాము: ఒక హెచ్చరిక. రాత్రి నిద్ర పట్టనివాళ్లు పగటి కునుకు మానెయ్యాలి. రాత్రి 7, 8 గంటలు పడుకున్నా రోజూ పగలు ఆపుకోలేని నిద్ర వస్తుంటే, గట్టిగా గురక ఉంటే, డాక్టర్‌కి చూపించాలి. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలో ఊపిరి ఆగడం, ఏదైనా కావచ్చు.

బల్లకుర్చీ: లేవగానే చన్నీళ్లతో ముఖం కడుక్కుని ఎండలో ఐదు నిమిషాలు నడవండి. వచ్చాక చదవడం కాదు, లెక్కలో, ప్రశ్నపత్రమో, ఏదైనా చేత్తో రాసే పనితో మొదలుపెట్టండి.