చర్చ: చంద్రముఖిలో దెయ్యం ఉందా, లేదా? ఇవాళ తేలిపోవాలి

నిశాచరి_గుంటూరు:
ఆదివారం టీవీలో మళ్ళీ చంద్రముఖి వేశారు. సినిమా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది, మా ఇంట్లో మాత్రం అదే గొడవ. ఇందులో దెయ్యం లేదు బాబూ అంటే ఒక్కళ్ళూ వినరు. రజనీకాంత్ డాక్టరు వేషంలో నోరు తెరిచి చెప్తాడు కదా, పాత బంగళాలోకి వచ్చిన గంగది, అదే మన జ్యోతికది, మనసుకి వచ్చిన జబ్బు, ఒకప్పుడు అక్కడ రాజు చంపేసిన చంద్రముఖి అనే నాట్యగత్తె కథ విని విని అది తన కథే అనుకుంటోంది అని. ఇంకెలా చెప్పాలి? హారర్ లిస్టు ఎవరు వేసినా దీన్ని తీసుకెళ్ళి అరుంధతి పక్కన కూర్చోబెడతారు. అరుంధతిలో పశుపతి నిజంగానే ప్రేతాత్మ. ఇక్కడ ఎవరున్నారు? ఎవరూ లేరు. హారర్ వేషం కట్టిన డాక్టరు సినిమా ఇది. కాదన్నవాళ్ళు కారణం చెప్పండి.

కరీంనగర్_కబుర్లు:
అక్కా, ఒక్క ముచ్చట చెప్పు. గంగకు తమిళం ఎట్లొచ్చింది? మన తెలుగు డబ్బింగ్‌ల ఆ 'వారాయ్' పాట మొదలయ్యేదే తమిళంల గదా. జబ్బొస్తే జరం రావాలె, తలనొప్పి రావాలె. భాష ఎట్లొస్తది?

పెద్దాపురం_పెసరట్టు:
పాము సంగతి కూడా తేల్చండి. అంత పెద్ద పాము సినిమా అంతా తిరుగుద్ది, ఎందుకో ఎవరికీ తెలీదు.

పాత_రీలు:
భాష విషయంలో చిన్న సవరణ అండి. అసలు తమిళ సినిమాలో ఆ పాట 'రా రా' అని తెలుగులో ఉంటుంది. దానికి ముందు 2004లో ఇదే పి.వాసు గారు కన్నడంలో ఆప్తమిత్ర తీశారు, సౌందర్య చేశారు కదా, అందులోనూ నాట్యగత్తెది తెలుగే. వీటన్నిటికీ మూలం 1993లో ఫాజిల్ గారు తీసిన మలయాళం మణిచిత్రత్తాళ్. శోభనకి జాతీయ అవార్డు వచ్చింది అందులోని గంగ పాత్రకే. అక్కడ నాట్యగత్తె పేరు నాగవల్లి, తంజావూరు పిల్ల, తమిళం మాట్లాడుతుంది. అంటే మలయాళీలకి దెయ్యం భాష తమిళం, తమిళులకీ కన్నడిగులకీ తెలుగు, మనకి మళ్ళీ తమిళం. పక్కింటి భాష వినబడితే చాలు మనకి ఒళ్ళు జలదరిస్తుందన్నమాట.

పెద్దాపురం_పెసరట్టు:
మలయాళంలో పాము ఉందా?

పాత_రీలు:
లేదండి. వాసు గారి చేర్పు.

నిశాచరి_గుంటూరు:
@కరీంనగర్_కబుర్లు భాష ఆకాశంలోంచి ఊడిపడక్కర్లేదు. చంద్రముఖి గదిలో బొమ్మలు, నగలు, పాత వస్తువులు, అన్నీ తీసి చూసింది. చిన్నప్పుడు ఎవరో మాట్లాడుతుంటే విని ఉండొచ్చు. నాలుగు పాట ముక్కలు పాడినంత మాత్రాన తమిళం వచ్చేసినట్టా? మా అబ్బాయి కొరియా సీరియల్ పాటలు పొద్దస్తమానం పాడతాడు. వాడికేం పట్టిందంటారు?

కరీంనగర్_కబుర్లు:
'ఉండొచ్చు' అంటే నడవది. సినిమాల చూపించిండ్రా లేదా? సరే, భాష ఇడిసిపెట్టు. మంచం? మొగడు ప్రభు బయటికి పోవద్దన్నందుకు గంగ ఒక్క చేత్తోని మంచం లేపుతది. ఆ మంచం కట్టెది, ఇద్దరు మగోళ్ళు పడితే గాని కదలనిది. దానికీ జబ్బేనా?

నిశాచరి_గుంటూరు:
రజనీ సినిమాలో మంచం బరువు లెక్కేసుకుంటూ కూర్చుంటే ఎలా? ఆయన ఒక్క తన్ను తంతే పదిమంది గాల్లో లేస్తారు. మరి ఆయనకెవరు పూనారు?

రేడియో_మెకానిక్:
మీరిద్దరూ తప్పే. దీన్ని హారర్‌లా కాదు, సైన్స్ ఫిక్షన్ సీరియల్‌లా చూడండి. ఎక్స్ ఫైల్స్ మొదలైంది కూడా ఆ 1993లోనే. అందులో వింత కేసులు తేల్చే ఇద్దరుంటారు: మల్డర్ అన్నీ నమ్ముతాడు, స్కల్లీ డాక్టరు, ప్రతిదానికీ శాస్త్రం అడుగుతుంది. చాలా ఎపిసోడ్లు ఎవరిది రైటో చెప్పకుండానే అయిపోతాయి. మేం కేబుల్లో చూసి వారమంతా హాస్టల్ మెస్సులో కొట్టుకునేవాళ్ళం, సాంబారు చల్లారిపోయేది. చంద్రముఖిలో కూడా అంతే, ఒకవైపు డాక్టరు, ఒకవైపు మంత్రవాది. కావాలనే ముడి విప్పకుండా వదిలేశారు. విప్పితే ఇన్నేళ్ళ తర్వాత ఇక్కడ ఈ చర్చ ఉండేదా?

నిశాచరి_గుంటూరు:
వదిలెయ్యలేదు. స్పష్టంగా చెప్పారు. మీకు వినబడలేదంతే.

కొత్తపేట_కుర్రాడు:
లకలకలక

డ్యూటీలో_ఉన్నా:
సైకియాట్రీ పీజీ చేస్తున్నాను, రెండు ముక్కలు చెప్పి వెళ్తా. ఒంటి మీదికి దేవుడో దెయ్యమో వచ్చినట్టు ప్రవర్తించడానికి వైద్యంలో వేరే పేరే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-10లో ఎఫ్44.3. అందులోనే ఇంకో మాట కూడా రాశారు: మనిషికి ఇష్టం లేకుండా, అదుపు లేకుండా వస్తేనే అది జబ్బు. జాతరలోనో పూజలోనో, ఆ ఊరు ఒప్పుకున్న పద్ధతిలో వచ్చే పూనకాన్ని జబ్బు కింద లెక్కెయ్యకూడదు. ఇక నేర్చుకోని భాష గడగడా మాట్లాడ్డం అంటారా, పరీక్షకి నిలబడిన కేసు నేను ఎక్కడా చదవలేదు.

కరీంనగర్_కబుర్లు:
చూసినవా అక్కా, డాక్టరే చెప్తున్నడు, నేర్వని భాష రాదని. మరి గంగకొచ్చింది. అంటే జబ్బు కాదు.

నిశాచరి_గుంటూరు:
ఆయన చెప్పిందేంటి, మీరు పట్టుకున్నదేంటి! చదువుకున్నవాళ్ళు కూడా ఇలా మాట్లాడబట్టే మన ఊళ్ళు ఇలా ఉన్నాయి. ఇంకా తాయెత్తులు కట్టుకుంటూ కూర్చోండి.

కరీంనగర్_కబుర్లు:
ఊర్ల దాక ఎందుకు పోతున్నవ్? తాయెత్తు కడితే నీకేమన్న నొప్పా? సిటీల ఏసీ రూముల కూసొని ఊరోళ్ళను తక్కువ చేసుడు అలవాటైంది మీకు.

పాత_రీలు:
పెద్దలు కాస్త నెమ్మదించండి. సినిమా గురించే మాట్లాడుకుందాం.

నిశాచరి_గుంటూరు:
నొప్పే. చెప్తా వినండి. మా అక్కకి పెళ్ళైన ఏడాదికి మొదలైంది. రాత్రుళ్ళు లేచి కూర్చునేది, మనుషుల్ని గుర్తుపట్టేది కాదు, గొంతు మారేది. నేను అప్పుడు నర్సింగ్ రెండో సంవత్సరం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్దాం అని కాళ్ళు పట్టుకున్నా. మా నాన్న సరే అన్నాడు కూడా. ఆ వేసవిలోనే, 2005లో, ఈ సినిమా వచ్చింది. ఇంటిల్లిపాదీ చూసొచ్చారు. మా పెదనాన్న వాకిట్లోకి వస్తూనే అన్న మాట నాకిప్పటికీ చెవుల్లో ఉంది: "చూశావుగా, అంత అమెరికా డాక్టరు కూడా ఆఖరికి భూతవైద్యుణ్ణే పిలిపించాడు." అంతే. ఇంకో మూడేళ్ళు. వేపమండలు, మిరపకాయల పొగ. దాని చేతి మీద ఆ మచ్చలు ఇవాళ్టికీ ఉన్నాయి. అందుకే ఆ క్లైమాక్స్ చూసినప్పుడల్లా అరుస్తా, అది నాటకంరా, మనిషి బదులు ఆ రాజు బొమ్మని తిప్పి తగలబెట్టింది డాక్టరు ప్లానురా, మంత్రవాది సాయానికి వచ్చాడంతే, అని. మా ఇంట్లో ఒక్కళ్ళకీ ఎక్కలేదు. మీకూ ఎక్కట్లేదు.

కొత్తపేట_కుర్రాడు:
సారీ అక్కా. పైన ఊరికే రాశా.

రేడియో_మెకానిక్:
అయితే నిశాచరి గారూ, కోపం రావద్దు గానీ, మీరే ఒప్పుకున్నట్టు కదా. సినిమా స్పష్టంగా చెప్పి ఉంటే మీ పెదనాన్నకి అలా ఎందుకు అర్థమవుతుంది?

నిశాచరి_గుంటూరు:
దీనికి జవాబు ఇప్పుడు రాయలేను.

కరీంనగర్_కబుర్లు:
అక్కా, తాయెత్తు మాట మీద నేను గరమైన, అది మనసుల పెట్టుకోకు. నాదీ చెప్త. మా చిన్నమ్మ శిగమూగేది. ఏడాదికి ఒక్కనాడు, జాతరల. పసుపు పూసి, వేపకొమ్మ చేతికిచ్చి, ఊరంతా ఆమె ముంగట నిలబడి వానలు పడతయా, పంట ఎట్లుంటది అని అడిగేది. తెల్లారితే మళ్ళ మామూలే, బర్రెకు గడ్డి కోసుకొచ్చేది. ఈ సినిమా వచ్చిన సంది పోరగాండ్లు ఆమెను చూసి 'చంద్రముఖి, చంద్రముఖి' అని ఎంటవడ్డరు. లకలక అనుకుంట. మా తమ్ముడికి ఇజ్జత్ పోయినట్టయింది, పట్నం తీసుకపోయి చూపించిండు. గోలీలు రాసిచ్చిండ్రు. ఆ గోలీలు మింగి పగలంత పండుకునేది. మూడు జాతరలు పోలే. నువ్వు "జబ్బు, జబ్బు" అంటుంటే నాకు ఆమె మంచంల పడుకున్నదే కండ్లల్ల మెదులుతది.

డ్యూటీలో_ఉన్నా:
ఏడాదికోసారి, జాతరలో మాత్రమే, మిగతా రోజులు పనులన్నీ చేసుకుంటూ... మీరు రాసిందాన్ని బట్టి చూస్తే అది నేను పైన చెప్పిన రెండో రకం. మనిషిని చూడకుండా ఇంతకంటే చెప్పకూడదు.

కరీంనగర్_కబుర్లు:
ఈ మాట ఆనాడు మా తమ్ముడికి ఎవ్వరూ చెప్పలే సార్.

పాత_రీలు:
ఒక మాట అడగనా? అదే 2005లో అపరిచితుడు కూడా వచ్చింది. విక్రమ్‌లో ముగ్గురు మనుషులు. గొంతు మారుతుంది, బలం వస్తుంది, ఒక్కడే అంతమందిని కొడతాడు. దాన్ని దెయ్యం సినిమా అన్నవాడు నాకు ఒక్కడూ తగల్లేదు. అందరం జబ్బే అన్నాం. మగాడికొస్తే జబ్బు, ఆడదానికొస్తే దెయ్యమా అని ఇప్పుడే తట్టింది.

పెద్దాపురం_పెసరట్టు:
ఈ చర్చలో ఇదొక్కటే పనికొచ్చే పాయింటు. పాము తర్వాత.

నిశాచరి_గుంటూరు:
@కరీంనగర్_కబుర్లు తమ్ముడూ, చిన్నమ్మ గారు ఇప్పుడెలా ఉన్నారు?

కరీంనగర్_కబుర్లు:
మంచిగనే ఉంది. గోలీలు ఆమెనే బంద్ చేసింది, మాకు చెప్పకుంట దూడ తొట్ల ఏసేదంట! జాతరకు పోతది గని ఇప్పుడు దూరంకెళ్ళి మొక్కి వస్తది. మీ అక్క?

నిశాచరి_గుంటూరు:
వైద్యం మొదలెట్టాక ఏడాదిన్నరలో నిలదొక్కుకుంది. ఇద్దరు పిల్లలు. ఆదివారం ఈ సినిమా పెట్టింది అదే, జ్యోతిక కళ్ళు భలే తిప్పుతుందే అంటూ కూర్చుని చూసింది. నేనే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయా.

కరీంనగర్_కబుర్లు:
మంచిది అక్కా. తమిళం ముచ్చట మాత్రం నేను ఒప్పుకోను.

నిశాచరి_గుంటూరు:
ఒప్పుకోకు. మంచం సంగతి రేపు మాట్లాడదాం, నాకు నైట్ డ్యూటీ ఉంది.