లింక్డిన్‌లో 400 మంది ఉన్నారు, పలికేవాళ్లు లేరు

గుణుపూర్ ప్యాసింజర్:
అందరికీ నమస్తే. మాది ఒడిశాలోని గుణుపూర్. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, ఆఫీసులో హిందీ, ఇక్కడ చాలామందిది ఇదే కథ కదా. బీకాం అయ్యాక మూడేళ్లుగా రాయగడలో ఒక హార్డ్‌వేర్ షాపులో అకౌంట్స్ చూస్తున్నాను, ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో ఎంట్రీలు, జీఎస్టీ రిటర్నులు, ఈ-వే బిల్లులు అన్నీ నా నెత్తి మీదే. ఇక్కడ జీతం కదలదని అర్థమైపోయింది, వైజాగ్‌లో గానీ భువనేశ్వర్‌లో గానీ కాస్త పెద్ద కంపెనీలో పడాలని ఉంది.

మా వదిన తమ్ముడు చెప్పాడని లింక్డిన్ పెట్టుకుని కనిపించిన ప్రతి అకౌంట్స్ మేనేజర్‌కీ రిక్వెస్ట్ కొట్టాను, 400 మంది అయ్యారు. అందులో ఓ అరవై మందికి "సార్ ఎనీ వేకెన్సీ ప్లీజ్" అని పెట్టాను. ఇద్దరు సీవీ పంపమన్నారు, పంపాను, అంతే, చూసినట్టు కనిపిస్తోంది గానీ జవాబు లేదు.

అసలు ముక్కూ మొహం తెలియని మనిషితో ఏం మాట్లాడతాం? ఒకసారి మాట్లాడాక మళ్లీ ఏ వంకన పలకరిస్తాం? రోజూ పొద్దున్నే పువ్వుల బొమ్మతో గుడ్ మార్నింగ్ పెట్టలేం కదా. ఇంకో అనుమానం, వైజాగ్ వాళ్లు ఒడిశా అని చూసి వదిలేస్తున్నారేమో, భువనేశ్వర్ వాళ్లు ఇంటిపేరు చూసి ఆంధ్రా అమ్మాయి అనుకుంటున్నారేమో. పైగా ఇదంతా మా ఓనర్ కంట పడకూడదు.

బరంపురం బాబాయ్:
అమ్మా, నేను ఆ మెసేజ్‌లు వచ్చే వైపు మనిషిని, అందుకని మొహమాటం లేకుండా చెప్తాను. వేకెన్సీ ఉందా అంటే నా దగ్గర ఉన్న జవాబులు రెండే, ఉంది, లేదు. చాలాసార్లు లేదు. లేదని రాయడానికి చెయ్యి రాక ఊరుకుంటాను, అందరూ అంతే, నీ మీద కోపం కాదు.

రెండేళ్ల కిందట పర్లాకిమిడి కుర్రాడొకడు రాశాడు. ఉద్యోగం మాటే లేదు. "సార్, సప్లయర్ బిల్లు అప్‌లోడ్ చెయ్యకపోతే మన 2బీలో కనిపించదు కదా, మీరైతే వాళ్ల వెంట ఎలా పడతారు" అని అడిగాడు. 2బీ అంటే సప్లయర్లు జీఎస్టీ పోర్టల్‌లో ఎక్కించిన బిల్లుల లిస్టు, అందులో ఉంటేనే ఆ బిల్లు మీద మనం కట్టిన జీఎస్టీ మన లెక్కలో జమ అవుతుంది. నాకు నవ్వొచ్చింది, ఎందుకంటే ఆ వారమంతా నేను చేస్తున్న పనే అది. జీఎస్టీ వరకు పేమెంట్ ఆపి చూడు, బిల్లు తనంతట తనే పోర్టల్‌లోకి నడిచొస్తుంది అని రెండు లైన్లు రాశాను. వాడు థాంక్స్ చెప్పి మాయమైపోలేదు. మూడు నెలలకి "మీరు చెప్పినట్టు చేస్తే ఇద్దరు అప్‌లోడ్ చేశారు సార్, ఒకడు మాత్రం తిట్టాడు" అని మళ్లీ రాశాడు. ఆ మెసేజ్ మా ఆవిడకి కూడా చూపించాను. తర్వాత మా ఆడిటర్ గారు ఒక మనిషి కావాలి అన్నప్పుడు నా నోటికొచ్చిన పేరు వాడిదే. నన్ను వేకెన్సీ అడిగినవాళ్లలో ఒక్కరూ గుర్తు రాలేదు, అడగనివాడు గుర్తొచ్చాడు.

మళ్లీ ఏ వంకన పలకరించాలి అన్నావు కదా, వంక అదే, ఆయన చెప్పింది చేశాక ఏమైందో చెప్పడం. ఇంకోటి, మన లైన్లో ఎవర్నీ 11 నుంచి 20 మధ్యలో కదపకు. 11న అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1కి గడువు, 20న పన్ను కట్టే రిటర్ను 3బీకి గడువు, ఆ పది రోజులు మా ఇంట్లోవాళ్లే నాతో మాట్లాడరు.

ఇది చదువుకున్నోళ్లు తేల్చిన విషయం కూడా. గ్రానోవెటర్ అనే అమెరికా సోషియాలజిస్ట్ 1973లోనే అన్నాడు, కొత్త ఉద్యోగం సంగతి దగ్గరివాళ్ల కంటే ముఖపరిచయం ఉన్నవాళ్ల దగ్గర్నుంచే ఎక్కువ వస్తుందని. ఎందుకంటే మన దగ్గరివాళ్లకి తెలిసింది మనకీ తెలిసే ఉంటుంది. 2022లో లింక్డిన్‌లోనే 2 కోట్ల మంది మీద చూసి సైన్స్ పత్రికలో వేశారు. మరీ దగ్గరివాళ్లూ కాదు, మరీ ఎవరో తెలియనివాళ్లూ కాదు, కాస్త తెలిసినవాళ్ల వల్లే ఎక్కువ పని జరిగిందట. నీ 400 మంది ఇంకా ఎవరో తెలియనివాళ్లే. ఓ పదిహేను మందిని కాస్త తెలిసినవాళ్లుగా చేసుకో, చాలు.

21 నుంచి 37కి:
ఏటమ్మా, నువ్వు రోజూ చేస్తున్న పని విలువ నీకే తెలీనట్టుంది. ఒడిశా, ఆంధ్రా అని బెంగపడుతున్నావు, జీఎస్టీలో ఒడిశా కోడ్ 21, ఆంధ్రా కోడ్ 37, ఈ రెండు కోడ్‌ల మధ్య రోజూ బిల్లు కొట్టేవాళ్లు వైజాగ్‌లో ఎంతమంది దొరుకుతారు చెప్పు. పార్వతీపురం పార్టీ ఆర్డర్ పెట్టి సరుకు రాయగడలోనే తన కస్టమర్‌కి దింపించమన్నాడనుకో, సరుకు బోర్డర్ దాటలేదు కదా అని ఒకే రాష్ట్రం లోపల అమ్మితే పడే సీజీఎస్టీ ఎస్జీఎస్టీ వేసేస్తారు కొత్తోళ్లు. అక్కడ పడాల్సింది రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను ఐజీఎస్టీ, ఆర్డర్ పెట్టినోడి ఊరే లెక్క, సరుకు దిగిన ఊరు కాదు. ఇది నీకు నిద్రలో కూడా తెలుసు కదా? మరి ప్రొఫైల్‌లో ఏం రాశావు, "హార్డ్‌వర్కింగ్ అకౌంటెంట్" అనే కదా, పందెం.

అది తీసేసి ఒడిశా-ఆంధ్రా బిల్లింగ్, తెలుగు ఒడియా హిందీ అని రాయి. నెలకోసారి ఇలాంటి కేసు ఒకటి నాలుగు లైన్లలో పోస్ట్ చెయ్యి, పార్టీ పేర్లు మాత్రం పెట్టకు. ఎవడో ఒకడు కింద తప్పని వాదిస్తాడు, వాదించనీ, వాడితోనే పరిచయం మొదలవుద్ది. నాకు ఇప్పుడున్న పని అలా గొడవపడినాయన ఇచ్చిందే.

ప్రాణహిత గట్టు:
అక్కా, నాది మహారాష్ట్రల సిరోంచ. మా దిక్కు గూడ ఇదే లొల్లి, మరాఠీల చదివి తెలుగుల మాట్లాడుతం. ఒక్క ముచ్చట చెప్త. నన్ను ఒకడు ఇట్లనే మంచిగ పలకరించి, వారం పది రోజులు తమ్మీ తమ్మీ అని మాట్లాడి, జాబ్ పక్కా ఉంది గని ట్రైనింగ్ ఫీజు 3,500 కట్టు అన్నడు. కట్టిన. గంతే, ప్రొఫైల్ గాయబ్. పైసలు అడిగిండంటే వాడు ఉద్యోగం ఇచ్చెటోడు కాదు. పోయినయి అనుకుంటే గప్పుడే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టాలె, నేను నాలుగు రోజులు సిగ్గుతోని ఊకున్న, గదే తప్పయింది.

ఓనర్ సంగతి, లింక్డిన్ల ఉద్యోగం వెతుకుతున్నమని చెప్పే ఓపెన్ టు వర్క్‌ల రిక్రూటర్లకే కనిపించేటట్టు ఒక ఆప్షన్ ఉంటది, గది పెట్టు, ఫోటోకు పచ్చ చుట్టు పెట్టకు. గండ్లనే వైజాగ్, భువనేశ్వర్ రెండు ఊర్లు రాసుకోవచ్చు. అయినా వంద శాతం దాగుతదని లింక్డినోళ్లే గ్యారంటీ ఇయ్యరు, జర జాగ్రత్త.

గుణుపూర్ ప్యాసింజర్:
పందెం మీరే గెలిచారు, అక్షరాలా "హార్డ్‌వర్కింగ్ అకౌంటెంట్" అనే ఉంది. మార్చేశాను. సిరోంచ తమ్ముడూ, పచ్చ చుట్టు మూణ్ణెల్లుగా ఉంది నాకు, ఓనర్‌కి లింక్డిన్ లేదు కాబట్టి బతికిపోయాను, వాళ్లబ్బాయికి ఉందేమో చూడాలి.

బాబాయ్, ఇలా రాశాను, చూడండి. "నమస్తే సార్. మీ విలువైన సమయాన్ని వృథా చేస్తున్నందుకు క్షమించండి. నేను రాయగడలో అకౌంట్స్ చూస్తాను. బిల్లు పార్వతీపురం పార్టీకి, సరుకు రాయగడలో దింపే కేసులు మాకు నెలకి ఏడెనిమిది వస్తాయి. ట్యాలీలో వీటికి మీరైతే వేరే వోచర్ టైప్ పెట్టుకుంటారా, మామూలు సేల్స్‌లోనే వేస్తారా?"

బరంపురం బాబాయ్:
క్షమించండి లైను తీసెయ్, చదివేవాడికి అక్కడే చెయ్యి మెసేజ్ మూసేస్తుంది. మిగతాది బాగుంది. మేమైతే వేరే వోచర్ టైపే, నెలాఖర్లో వెతుక్కోవడం తేలిక.

గుణుపూర్ ప్యాసింజర్:
తీసేశాను. ఇప్పుడే పంపెయ్యనా?

21 నుంచి 37కి:
ఈరోజు 18 తల్లీ.

గుణుపూర్ ప్యాసింజర్:
అయ్యో, మా 3బీ కూడా కాలేదు. 21న పంపుతాను.